బోస్టను తేయాకు, భీమిలి జెండా

పిల్లలూ! మీలో ఎవరైనా భీమునిపట్నం చూశారా? గోస్తనీ నది సముద్రంలో కలిసే ఆ ఊళ్ళో, ఒడ్డుకు దగ్గరగా, కొన్ని పాత సమాధులున్నాయి. అవి డచ్చివారివి. మన పెద్దలు వారిని వలందులనేవారు. పదిహేడవ శతాబ్దంలో వారు మన నేతబట్టలు కొని ఓడలకెక్కించడానికి అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు.

1781లో ఆంగ్లేయులు వచ్చి వలందుల జెండా దింపేశారు. వలందులు భీమిలిలో చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. కారణం ఎక్కడో అమెరికాలో ఉంది!

అమెరికా తూర్పుతీరాన అప్పట్లో 13 వలసరాజ్యాలుండేవి. అక్కడ స్థిరపడిన తెల్లవారిలో చాలామంది ఇంగ్లండునుంచి వెళ్ళినవారే; ఇంగ్లండు రాజే వారికీ రాజు. 1763లో ముగిసిన పెద్ద యుద్ధంవల్ల ఇంగ్లండు అప్పులపాలయింది. అందుచేత పార్లమెంటు 1765లో వలసలమీద స్టాంపు పన్ను వేసింది. దస్తావేజులమీద, వార్తాపత్రికలమీద, చివరికి పేకముక్కలమీద కూడా!

వలసవారి కోపం పన్ను ఎక్కువయిందని కాదు. ఈ సంగతి మా బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా పరీక్షలో తప్పే వ్రాసేవారు. "మా ప్రతినిధి ఒక్కడైనా లేని పార్లమెంటు మామీద పన్ను ఎలా వేస్తుంది?" అన్నదే వారి ప్రశ్న. మరుసటి ఏడు స్టాంపు పన్ను పోయింది గాని, తరువాత వేసిన తేయాకు సుంకం పోలేదు. 1773 డిసెంబరు 16 రాత్రి కొందరు వేషాలు వేసుకుని బోస్టను రేవులో ఓడలెక్కి, 342 తేయాకు పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు. ఆ తేయాకు ఎవరిదనుకున్నారు? మన విశాఖపట్నంలో కోఠీ పెట్టిన ఈస్టిండియా కంపెనీదే!

రాజు రేవు మూయించాడు. 1775లో తుపాకులు పేలాయి. 1776 జూలై 4న వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటన చేశారు. మనుషులంతా సమానులనీ, పాలకులకు అధికారం ప్రజల సమ్మతివల్లనే వస్తుందనీ అందులో ఉంది. దాన్ని వ్రాసిన జెఫర్సను ఇంట్లోనే బానిసలుండేవారు! ఆ సమానత్వం వారిదాకా రాలేదు.

ప్రకటించడం వేరు, గెలవడం వేరు గదా! వాషింగ్టను సైనికులకు చలికాలంలో కాళ్ళకు జోళ్ళు లేవు, తుపాకులకు మందు చాలదు. ఆ మందు చాలావరకు వెస్టిండీసులోని వలందుల చిన్న దీవి సెంట్ యుస్టేషియసునుంచి వచ్చేది. అక్కడి కోట 1776 నవంబరులో అమెరికా ఓడకు ఫిరంగులతో మర్యాద కూడా చేసింది. ఇంగ్లండు ఇదంతా కడుపులో పెట్టుకుంది. 1778లో పరాసులు, అంటే ఫ్రెంచివారు, అమెరికా పక్షం చేరారు. 1780 డిసెంబరులో ఇంగ్లండు వలందులమీద కూడా యుద్ధం ప్రకటించింది. వెంటనే మన తీరంలో వారి స్థావరాలన్నిటికీ ముప్పు వచ్చింది. పులికాటు, నాగపట్నంతోబాటు భీమిలీ పోయింది.

అంతకుముందే ఆ సెగ విశాఖకు తగిలింది. ఆంగ్లేయులు పరాసుల మాహే రేవు పట్టుకోవడంతో మైసూరు హైదరాలీ మండిపడి దండెత్తాడు. అతనితో పోరాడేందుకు ఓడలెక్కి మద్రాసు పొమ్మంటే, 1780 అక్టోబరులో విశాఖపట్నం సిపాయిలు ఎక్కమని తిరగబడ్డారు.

ఇక అమెరికాలో, 1781 అక్టోబరు 19న, యార్కుటౌనులో ఆంగ్ల సేనాని కారన్‌వాలీసు లొంగిపోయాడు. ఇటు వాషింగ్టను, అటు సముద్రంలో పరాసుల నౌకాదళం. తప్పించుకునే దారి లేదు. కత్తి అప్పగించడానికి తాను రాక, ఒంట్లో బాగాలేదని కింది అధికారిని పంపాడు. 1783 సంధితో అమెరికా స్వతంత్రమయింది.

మరి భీమిలి? 1784 సంధి ప్రకారం మళ్ళీ వలందులకు దక్కింది. 1795లో మళ్ళీ ఆంగ్లేయులు పట్టుకుని, కొన్నాళ్ళకు తిరిగి ఇచ్చారు. చివరకు 1825లో పూర్తిగా తీసుకున్నారు. ఇన్నిసార్లు జెండా మారినా, అక్కడి సాలెవాళ్ళనూ, జాలర్లనూ "మీకు సమ్మతమేనా?" అని ఒక్కసారైనా అడిగినవారు లేరు.

అమెరికాలో లొంగిపోయిన ఆ కారన్‌వాలీసే 1786లో గవర్నరు జనరలుగా కలకత్తాలో దిగాడు. 1793లో ఆయన బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో విశాఖపట్నం జిల్లాకూ వచ్చింది. ఆ శిస్తు భారం మోసిన మన రైతుల ప్రతినిధి ఒక్కడైనా లండను పార్లమెంటులో లేడు.