రోడ్డు పటమునకు స్థిరమైన లిపి

రోడ్డు నేలమీద పడుటకు ముందు కాగితముమీద పడును. ఆ పటమును గీయువారొకరు, సరిచూచువారొకరు, దానినిబట్టి మన్ను తోలించువారు వేఱొకరు. దారి ప్రక్క పొలముగల రైతు సైతము దానిని చూడవలసినవాడే. ఇందఱును ఒక గీతను ఒకే యర్థమున గ్రహింపనిచో, ఆ నష్టము తుదకు నేలమీదనే కనబడును.

ఒక యుదాహరణము చెప్పెదను. మైదానపు సీమలలో గ్రామరోడ్డునకు బండ్లు నడచు భాగము సామాన్యముగా 3.75 మీటర్ల వెడల్పుండును. ఇరుప్రక్కల మట్టి యంచులతో కూడ 7.5 మీటర్లగును. రోడ్డునకు చెందిన భూమి హద్దు ఇంకను వెలుపల నుండును. పటములో నివి యన్నియు ప్రక్కప్రక్కన సాగు జంటగీతలు. మొదటి జంటను రెండవదిగా భ్రమించినచో ఒక్కొక్క వైపున సుమారు ఆరడుగుల తేడా వచ్చును. గట్టు ఆరడుగులు జరుగుట యెంతటి మాటయో పొలమున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేడు రోడ్డు పటములను కంప్యూటరుమీద తయారుచేయుచున్నారు. సివిల్ త్రీ-డి వంటి సాఫ్ట్‌వేరులో రోడ్డు వట్టి గీతల సముదాయము కాదు. నేల యెత్తుపల్లములు, దారి నడిమిగీత, నిలువుకోత, అడ్డుకోత – ఇవి యన్నియు లెక్కలుగా లోపల నిలిచియుండును. ఆ లెక్కలు కంటికెట్లు కనబడవలెనో నిర్ణయించు నియమమునకు స్టైలు అని పేరు. పొలమునకు పోవునపుడొక బట్ట, పెండ్లికి పోవునపుడొక బట్ట కట్టినను మనిషి యొక్కడే. అట్లే స్టైలు మారినచో రూపము మారునుగాని నేల కొలత మారదు.

ఈ సౌకర్యమునందే చిక్కును కలదు. ఎవరికి తోచిన స్టైలును వారు కల్పించుకొన్నచో, ఒకరి పటములో హద్దును తెలుపు గీత మఱియొకరి పటములో మురుగుకాలువను తెలుపును. కావున ప్రతి కార్యాలయమును ముందుగా కొన్ని కట్టుబాట్లు చేసికొనవలెను. ఉన్న నేలకు తెగినగీత, కట్టబోవు రోడ్డునకు నిండుగీత యని యేర్పఱచుకొనవచ్చును. భేదమును రంగునకు మాత్రమే విడువరాదు. నల్లసిరాతో అచ్చువేసినచో రంగులన్నియు ఒక్కటైపోవును. అక్షరములు కాగితముమీద నెంత పరిమాణమున నుండవలెనో, తూములకును మైలురాళ్లకును ఏ గుర్తులుండవలెనో, ఒక్కొక్క స్టైలునకు ఏ పేరుండవలెనో నిర్ణయింపవలెను. వీనినన్నిటిని టెంప్లేటు అను మాతృకలో నుంచి, క్రొత్త పటములన్నియు దానినుండియే ఆరంభింపవలెను. మాతృకను మార్చు అధికారము ఒక్కరియందే యుండుట మేలు. పలువురు దిద్దిన మాతృక కొలదికాలమునకే మాతృక కాకపోవును.

నిలువుకోత విషయమున మఱింత జాగ్రత్త వలయును. దానిలో ఎత్తును పొడవుకంటె పదిరెట్లు పెంచి చూపుట వాడుక. నూఱు మీటర్లకు మూడు మీటర్లు లేచు వాలు, కాగితముమీద ముప్పది మీటర్లు లేచునట్లు కనబడును. చూచినవారు కొండ యని భయపడుదురు. ఈ పెంపును నిర్ణయించునదియు స్టైలే. అందుచే పొడవునకెంత కొలబద్ద, ఎత్తునకెంత కొలబద్ద యనునది పటముపైననే వ్రాయబడునట్లు నియమము చేయవలెను.

అయితే ఒక్కమాట మఱవరాదు. కట్టుబాటు పటమును స్పష్టముచేయునే కాని తప్పుకొలతను ఒప్పుచేయజాలదు. సర్వేలో పొరపాటున్నచో అందమైన స్టైలు దానిని కప్పిపుచ్చును.

2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో, దారిని నిశ్చయించుటకు ముందు ఇంజనీర్లు గ్రామస్థులతోను పంచాయతీవారితోను కలిసి దారి పొడవునను నడచి చూడవలెనను పద్ధతి కలదు. అట్టి సమయమున పెద్దలు మూడు ప్రశ్న లడుగవలెను: ఏ గీత దేనికి గుర్తు? ఎత్తు నెన్నిరెట్లు పెంచి చూపినారు? రోడ్డు భూమి హద్దు ఏది? మంచి పటములో నీ మూడింటికిని సమాధానము గుర్తుల పట్టికలోనే దొరకును. దొరకనిచో, మన్ను పడకమునుపే వ్రాయించుకొనుట అందఱికిని క్షేమము.