ఫోటోను ఎంత పెద్దగా అచ్చు వేయించవచ్చు?

మనలో చాలామందికి కొన్నేళ్లకోసారి ఊరు మారుతుంది, బడి మారుతుంది. వెంట వచ్చేవి మిత్రులతో దిగిన ఫోటోలే. కానీ ఫోనులో చక్కగా కనబడిన ఫోటో అచ్చు వేయిస్తే ఒక్కోసారి మసకగా వస్తుంది. ఎందుకో చూద్దాం.

డిజిటల్ ఫోటో అంటే చిన్న చిన్న రంగు గళ్ల వరుసలు. ఒక్కో గడి ఒక పిక్సెల్. చేతిలో పట్టుకుని చూసే ఫోటోలో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే గళ్లు కంటికి తెలియవు. కాబట్టి అంగుళాలను 300తో గుణిస్తే చాలు. 6×4 అంగుళాల ఫోటోకు 1800×1200 పిక్సెళ్లు కావాలి. ఏ4 కాగితానికైతే సుమారు 3508×2480.

తిరగేసి కూడా లెక్క వేయవచ్చు. 12 మెగాపిక్సెళ్ల ఫోటో సాధారణంగా 4000×3000 ఉంటుంది. 300తో భాగిస్తే 13.3×10 అంగుళాలు. అదే ఫోటో మెసేజ్‌లో పంపినప్పుడు 1600×1200కు కుదించుకుపోయిందనుకోండి. అప్పుడది 5.3×4 అంగుళాలకే సరిపోతుంది. 16 అంగుళాల వెడల్పున వేయిస్తే అంగుళానికి 100 పిక్సెళ్లే మిగులుతాయి. వెనుక వరుసలోని ముఖాలు అలుక్కుపోతాయి. కంప్యూటర్‌లో పెద్దది చేసినా పోయిన వివరాలు తిరిగి రావు.

ఇంకో సంగతి. 4000×3000 ఫోటోను 6×4 కాగితం నిండా వేస్తే ఎత్తులో సుమారు 333 వరుసలు కత్తిరింపుకు పోతాయి. అందుకే తీసేటప్పుడే తలలపైన కాస్త ఖాళీ వదలాలి.

టీసీ చేతికి వచ్చేలోపే అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందాం. ఊరు మారాక ఆ వరుసలో మళ్లీ అందరం కలిసి నిలబడడం కష్టం.