93 శాతం బాడీ లాంగ్వేజేనా? మొదటి ఉద్యోగం అసలు లెక్కలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులకు వెళ్లే పిల్లలకు మొదటి రోజుల్లోనే ఒక లెక్క చెబుతారు. మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమట, గొంతు వాటా 38, మిగిలిన 55 ముఖానిదీ ఒంటిదీనట. నిన్నగాక మొన్న ఇంటర్ పాసైన పిల్లవాడు దాన్ని నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీస్తాడు. ఆ తర్వాత నెలంతా షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, కాళ్లు ఎలా పెట్టుకోవాలి, టై ఎంత పొడవుండాలి అన్నదే చదువు. ఏం మాట్లాడాలన్నది చివరి వారానికి మిగులుతుంది.

ఈ అంకెలు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో ఆల్బర్ట్ మెహ్రాబియాన్ 1967లో జరిపిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒకదానిలో ‘మేబీ’ అనే ఒక్క మాటను ఇష్టంగా, అయిష్టంగా, ఏమీ పట్టనట్టు పలికించి రికార్డు చేశారు. దానికి రకరకాల ముఖకవళికల ఫొటోలు జతచేసి, మాట్లాడిన మనిషికి ఎదుటివారంటే ఇష్టం ఉందా లేదా చెప్పమన్నారు. అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భాలకే తన లెక్క వర్తిస్తుందని మెహ్రాబియాన్ తానే స్పష్టంగా చెప్పారు. నిజంగా మాటల విలువ 7 శాతమే అయితే, తెలుగు రాని ఇంటర్వ్యూయర్ ముందు కూర్చుని నవ్వు ముఖంతో తెలుగులో మాట్లాడి వచ్చినా 93 మార్కులు పడాలి!

హైటెక్ సిటీ దారిలో ఈ లెక్క తొలి మెట్టు దగ్గరే బోల్తా పడుతుంది. వాయిస్ ప్రాసెస్ ఉద్యోగాలిచ్చే బీపీఓల్లో చాలా చోట్ల మొదటి రౌండులో మనిషే ఉండడు. పియర్సన్ సంస్థ ‘వెర్సాంట్’ లాంటి పరీక్ష ఉంటుంది. ఫోన్లోనో కంప్యూటర్లోనో పావుగంట పైచిలుకు సాగుతుంది. వాక్యం చదవాలి, విన్నది తిరిగి చెప్పాలి, చెదరగొట్టిన మాటలను వాక్యంగా కూర్చాలి, చిన్న కథ విని సొంత మాటల్లో చెప్పాలి. మార్కులు వేసేది యంత్రం. ఆ యంత్రానికి కళ్లు లేవు. మొత్తం స్కోరులో వాక్యనిర్మాణానికి 30 శాతం, ధారాళతకు 30, పదసంపదకు 20, ఉచ్చారణకు 20. మన కోచింగ్ సెంటర్లు ఎక్కువగా భయపెట్టే ‘ఎంటీఐ’, అంటే మాతృభాష యాస, ప్రధానంగా తగిలేది చివరి 20లోనే. బస్‌ను ‘బస్సు’ అన్నందుకు పోయే మార్కులకంటే, వాక్యం మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటికి రావడం వల్ల పోయేవే ఎక్కువ. యాస దిద్దుకోవడానికి వేలు పోసే తల్లిదండ్రులు ఈ నాలుగు అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మనిషి ఎదురుగా కూర్చునే రౌండుకు వద్దాం. మొదటి ఏడు సెకన్లలోనే అంతా తేలిపోతుందన్నది క్లాసుల్లో చెప్పే రెండో పాఠం. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో 600కు పైగా అసలైన ఇంటర్వ్యూలను పరిశీలించారు. ఒక్కోటి అరగంట ఇంటర్వ్యూ. తొలి నిమిషంలోనే నిర్ణయానికి వచ్చినవి నూటికి అయిదు మాత్రమే. మొదటి 15 నిమిషాలు ముగిసేసరికి సుమారు 60 తేలాయి. మిగిలిన 40 చోట్ల ఇంటర్వ్యూ చేసేవారు సగం సమయం దాటాక కూడా వింటూనే ఉన్నారు. తడబడుతూ మొదలుపెట్టిన పిల్లకు కోలుకునే వ్యవధి ఉంటుందని దీనర్థం. ఆ సంగతి తెలిస్తే సగం వణుకు అక్కడే తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడినవారు ఉద్యోగంలోనూ బాగా చేస్తారా? దీనిపై దశాబ్దాల పరిశోధనలను పోగుచేసి, పాత లెక్కల్లోని లోపాలను సరిదిద్ది, పాల్ సాకెట్ బృందం 2022లో కొత్త అంకెలు ఇచ్చింది. సున్నా అంటే సంబంధమే లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా సరిపోలినట్టు. నోటికొచ్చిన ప్రశ్నలతో నడిచే ఇంటర్వ్యూకు వచ్చింది 0.19. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న పట్టీ ప్రకారం మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42. వాళ్లు పోల్చిన ఎంపిక పద్ధతులన్నింటిలో ఇదే ముందుంది. కంపెనీల్లో ‘కస్టమర్ కోపంగా ఉన్నప్పుడు ఏం చేశారు’, ‘గడువు దాటబోతుంటే ఎలా నెట్టుకొచ్చారు’ లాంటి ప్రశ్నలు అడిగేది ఇందుకే. వాటికి జవాబు పుస్తకంలో దొరకదు. పిల్లల దగ్గర నిజంగా జరిగిన మూడు నాలుగు సంగతులు సిద్ధంగా ఉండాలి. ఏం జరిగింది, తానేం చేసింది, చివరికి ఏమైంది అన్న వరుసలో.

‘పద్దెనిమిదేళ్ల పిల్లకు అనుభవం ఎక్కణ్నుంచి వస్తుందండీ’ అంటారు ఇంట్లో పెద్దలు. ఉంటుంది. దాన్ని అనుభవమని ఎవరూ చెప్పలేదంతే. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే మన పిల్లల్లో చాలామంది అప్పజెప్పేది ఇది: ‘మైసెల్ఫ్ ఫలానా, అయామ్ కమింగ్ ఫ్రమ్ ఫలానా డిస్ట్రిక్ట్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్‌వర్క్, మై హాబీ ఈజ్ లిజనింగ్ మ్యూజిక్.’ నిదానంగా చదివినా 20 సెకన్లు పట్టదు. పొద్దున్నుంచి అదే వింటున్న హెచ్‌ఆర్‌కు ఆ పిల్ల గురించి ఇందులో తెలిసింది శూన్యం.

అదే పిల్ల వేసవిలో బాబాయి మందుల షాపులో కూర్చుందనుకుందాం. ‘రెండు నెలలు కౌంటర్లో బిల్లింగ్ చూశాను. గడువు దాటబోయే మందులు వెనక అరల్లో ఉండిపోయేవి. నెలవారీగా ఒక నోట్‌బుక్ పెట్టి వాటిని ముందుకు జరిపాను. వెనక్కి పంపాల్సినవి ముందే తెలిసేవి. ఒకరోజు బిల్లులో తేడా వచ్చిందని ఒక పెద్దాయన గొడవపడితే, బిల్లు మొత్తం ఆయన ముందే మళ్లీ కూడి చూపించాను.’ దీన్ని పెద్ద పదాలేమీ లేని ఇంగ్లీష్‌లో చెబితే చాలు. ఇందులో కస్టమర్ ఉన్నాడు, సమస్య ఉంది, చేసిన పని ఉంది. బ్యాక్ ఆఫీస్ ఉద్యోగమిచ్చేవారికి కావలసింది ఇదే. తాపీగా మాట్లాడితే నిమిషానికి 120–130 ఇంగ్లీష్ మాటలు పడతాయి. కాబట్టి పరిచయం 120 మాటల్లో కాగితం మీద పెట్టి, ఫోన్లో రికార్డు చేసుకుని, విని, కాగితం పక్కన పడేసి మళ్లీ చెప్పాలి. బట్టీపట్టిన వాక్యాలు పట్టుబడిపోతాయి. సంగతుల వరుస గుర్తుంటే చాలు, మాటలు ఎప్పటికప్పుడు మారినా ఫర్వాలేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు ముఖ్యమంటే, గేటు సన్నబడింది. తెలంగాణ ఐటీ శాఖ లెక్క ప్రకారం రాష్ట్రం వచ్చేనాటికి, 2013–14లో, ఈ రంగంలో ఉన్నవారు 3,23,396 మంది. 2022–23కు 9,05,715 అయ్యారు. ఆ ఒక్క ఏడాదే 1,27,594 కొత్త ఉద్యోగాలు చేరాయి. మరుసటి ఏడాది, 2023–24లో, చేరినవి 40,285 మాత్రమే. మూడో వంతుకు పడిపోయాయి. అదే ఏడాది ఐటీ ఎగుమతులు మాత్రం 2.41 లక్షల కోట్ల నుంచి 2.68 లక్షల కోట్ల రూపాయలకు పెరిగాయి. వ్యాపారం పెరిగినంత మాత్రాన కుర్చీలు పెరగవని దీంతో తేలింది. మరోపక్క తెలంగాణలో ఇంటర్ రెండేళ్లూ కలిపి పరీక్ష రాసేవారు ఏటా 9 లక్షలకు పైమాటే. 2023–24 ఆర్థిక సర్వే దేశంలో ఉద్యోగానికి తగిన నైపుణ్యం ఉన్న యువత 51.25 శాతమని పేర్కొంది. అంటే ఇద్దరిలో ఒకరు గేటు దాకా వచ్చి ఆగిపోతున్నారు.

ఇంటర్ బోర్డుకూ ఈ సంగతి తెలిసింది. 2023–24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లీష్‌లో 80 మార్కులు రాతకు, 20 ప్రాక్టికల్స్‌కు పెట్టింది. సైన్స్ ల్యాబులాగే ఇంగ్లీష్‌కూ నోరు తెరిచి చేసే పరీక్ష వచ్చింది. మంచి పనే. కానీ ఆ 20 మార్కులు అందరికీ ఉదారంగా పంచిపెడితే ఫలితం ఉండదు. పిల్లవాడు నిజంగా ఒక నిమిషం మాట్లాడాడో లేదో కాలేజీలో అడిగి తెలుసుకోవలసింది తల్లిదండ్రులే.

ఎన్నాళ్లు పడుతుంది? ‘30 రోజుల్లో ఇంగ్లీష్’ బోర్డులను పక్కన పెట్టి, మన దగ్గర జరిగిన పనిని చూడండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ యువత కోసం ఈజీఎంఎం అనే సంస్థను పెట్టింది. చదువు మధ్యలో ఆగిన పల్లె పిల్లలకు ఇంగ్లీష్, ఆఫీసు నడవడిక, కంప్యూటర్ కలిపి నేర్పే దాని కోర్సు 90 రోజులది. దానికన్నా ముందే 1999లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ‘ల్యాబ్స్’ కూడా ఇలాంటి స్వల్పకాలిక శిక్షణే. తర్వాత కేంద్రం 2014లో ప్రకటించిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో 15 ఏళ్లు నిండిన పిల్లల నుంచే చేర్చుకుంటారు. ఇంటర్‌తోనే ఐటీలోకి తీసుకునే హెచ్‌సీఎల్ ‘టెక్‌బీ’ 2017 నుంచి నడుస్తోంది. అందులో శిక్షణ నెలల తరబడి సాగుతుంది.

చివరిగా జీతం సంగతి. మొహమాటంతో పిల్లలు అడగకుండా వచ్చేస్తారు. ఏడాదికి 2.4 లక్షల సీటీసీ (ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 20,000 చేతికొస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. బేసిక్ 10,000 అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,200, గ్రాట్యుటీ 481, ఈఎస్‌ఐ వాటా 577 అందులోంచే పోతాయి. మిగిలిన 17,742లో ఉద్యోగి పీఎఫ్ 1,200, ఈఎస్‌ఐ 134, తెలంగాణ వృత్తి పన్ను 150 కోస్తారు. చేతికి వచ్చేది సుమారు 16,250. మాదాపూర్‌లో షేరింగ్ గది హాస్టల్‌కే ఇందులో మూడో వంతుకు పైగా పోతుంది. ‘టేక్ హోమ్ ఎంత వస్తుంది సర్? షిఫ్ట్ ఏది? క్యాబ్ ఉంటుందా?’ అని ఇంటర్వ్యూ చివర మర్యాదగా అడగడం తప్పు కాదు. రాత్రి షిఫ్టుకు ఆడపిల్లను పంపే ఇంట్లో ఈ మూడో ప్రశ్న జీతంకన్నా ముందుది.

అడగాల్సింది మనం, ఇవ్వాల్సింది వాళ్లు. అది తిరగబడి రిజిస్ట్రేషన్‌కు, ట్రైనింగ్ డిపాజిట్‌కు, ‘బ్యాక్‌డోర్’ ఆఫర్ లెటర్‌కు డబ్బు కట్టమని ఎవరైనా అంటే ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే ఆన్‌లైన్లో కట్టేసి ఉంటే పరువు పోతుందని దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.