మీకు తెలుసా? సీడార్ గోడకు మేకే మరక
గోడలకు వెలుపలి తొడుగుగా బిగించే సీడార్ షింగిళ్లలో, అంటే ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరిగే ఎర్ర సీడార్ నుంచి తీసిన పలుచని చెక్క పెంకుల్లో, టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. పూత లేని ఇనుప మేకు తడిసినప్పుడు వెలువడే ఇనుము ఆ టానిన్‌తో కలిసి, వాన పడిన కొద్దీ గోడపై నల్లని చారలుగా దిగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బెల్లం నీటిలో తుప్పు ఇనుమును ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన బట్టపై నల్ల గీత రప్పించేది ఇటువంటి చర్యతోనే. బట్టపై కోరి తెచ్చుకునే ఆ నలుపే గోడపై మరకగా మిగులుతుంది. విద్యుత్తు సాయంతో పలుచగా జింకు పూసిన మెరిసే మేకులు చూపుకే గాని మన్నికకు కావు గనుక, కరిగిన జింకులో ముంచి తీసినవో, అంతకన్నా మేలైన స్టెయిన్‌లెస్ స్టీలువో ఎంచుకోవాలి. సముద్రానికి దూరమైన సికింద్రాబాద్ చిలకలగూడలో ఇటువంటి తొడుగు వేయిస్తే క్రోమియం, నికెల్ కలిసిన 304 రకం చాలు; ఉప్పుగాలి సోకే విశాఖపట్నంలోనైతే మాలిబ్డినం కూడా చేర్చిన 316 రకమే తగినది. సాధారణంగా ఒక్కో షింగిల్‌కు రెండు మేకులను, అంచులకు సుమారు 19 మిల్లీమీటర్ల లోపల, పై వరుస కప్పే చోట, తల చెక్కను నలపకుండా దిగగొట్టాలి.