క్లౌన్ చేప, సముద్రపు పువ్వు: బెజవాడలో ఉప్పునీటి కాపురం

నారింజ రంగు ఒంటిమీద మూడు తెల్లపట్టీలున్న చేపను ఇప్పుడు ఏ పిల్లవాడికి చూపించినా ‘నీమో’ అంటాడు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా పుణ్యమది. దాని అసలు పేరు క్లౌన్ చేప. అది కాపురముండే ఇల్లు సీ ఎనిమోన్, అంటే సముద్రపు పువ్వు. పేరుకు పువ్వేగాని అది జంతువు. మన జువాలజీ పుస్తకంలో హైడ్రా, జెల్లీ చేపల వర్గంలోనే ఉంటుంది. ఈ రెంటినీ ఇంట్లో గాజుతొట్టెలో కలిపి పెంచవచ్చునా, అందులోనూ మే నెలలో 45 డిగ్రీలు కాసే విజయవాడలో పెంచవచ్చునా అన్నది చాలామందికి ఉన్న సందేహం. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము. చేపను పెంచవచ్చు. పువ్వు దగ్గర మాత్రం తొందర పనికిరాదు.

మన హంసలదీవి దగ్గరో, మంగినపూడి బీచ్‌లోనో ఈ చేపను వెతికితే దొరకదు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రుమట్టితో మన తీరపు నీళ్లు ఎప్పుడూ బురదగానే ఉంటాయి, వర్షాకాలంలో ఉప్పదనం కూడా తగ్గిపోతుంది. క్లౌన్ చేపకు పగడపు దిబ్బలుండే తేటనీరు కావాలి. మన దేశంలో అటువంటి చోట్లు లక్షదీవులు, అండమాన్, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ. కాబట్టి మన ఊళ్లో ఈ చేపను పెంచడమంటే ఎక్కడో ఉన్న సముద్రాన్ని తొట్టెలో తయారుచేయడమే.

ఎనిమోన్ చేతులనిండా దంశకణాలుంటాయి. మామూలు చిన్న చేప తగిలితే వాటి విషానికి చచ్చి దాని నోట్లోకి పోతుంది. క్లౌన్ చేప మాత్రం ఆ చేతుల మధ్యనే పడుకుంటుంది. చేప ఒంటిమీది జిగురులో సియాలిక్ ఆమ్లం చాలా తక్కువగా ఉండటంవల్ల దంశకణాలు పేలవని శాస్త్రజ్ఞులు కారణం చెబుతున్నారు. అయినా కొత్త ఎనిమోన్ దగ్గరికి చేప ఒక్కసారిగా దూకదు. మొదట తోక తగిలిస్తుంది, తర్వాత రెక్క, ఆ తర్వాతే ఒళ్లంతా. కొత్త కోడలు అత్తగారింట మెల్లగా అలవాటు పడ్డట్టే.

ఇక్కడ నీట్‌కు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఎన్.సి.ఇ.ఆర్.టి. 12వ తరగతి పుస్తకం దీన్ని కామెన్సలిజం కింద చెప్పి, ఎనిమోన్‌కు లాభమేమీ కనపడదంటుంది. పరీక్షలో అదే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. కాని తర్వాతి పరిశోధనలు చెప్పేది వేరు. ఎనిమోన్‌ను కొరుక్కుతినే చేపలను క్లౌన్ చేప తరిమికొడుతుంది. ఎనిమోన్ ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు ఉండి సూర్యకాంతితో ఆహారం తయారుచేస్తాయి. చేప విసర్జించే అమ్మోనియా ఆ శైవలాలకు ఎరువు. రాత్రివేళ చేప కదులుతూ ఉండటంవల్ల ఎనిమోన్‌కు ప్రాణవాయువు కూడా బాగా అందుతుంది. ఇద్దరికీ లాభమున్న కాపురమే ఇది.

సినిమాలో చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడ, దాని తర్వాతది మగ, మిగతావి చిన్నవిగానే ఉండిపోతాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది. ఆ లెక్కన నీమో తల్లి పోయాక తండ్రే తల్లి కావాలి! ఈ గుణంవల్ల తొట్టె పెట్టేవారికి మంచి సౌకర్యముంది. ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది తెచ్చి వదిలితే సాధారణంగా అవే జంట కడతాయి.

ఇక నీళ్ల విషయం. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. 100 లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోలన్నమాట. చినగంజాం కళ్లుప్పు చవగ్గా దొరుకుతుందిగదా అని అది కలిపితే పని జరగదు. ఉప్పుమడిలో కాల్షియం ముందే అడుక్కు దిగిపోతుంది, మెగ్నీషియం చాలావరకు చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, మన చేతికొచ్చేది ముఖ్యంగా సోడియం క్లోరైడే. అందుకని అన్ని లవణాలూ ఉన్న అక్వేరియం ఉప్పు పొట్లాలే కొనాలి. దాన్ని ఆర్.ఓ. నీటిలో కలపాలి. ఎండకు తొట్టెలో నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. తగ్గిన నీటిని మంచినీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. వేసవిలో రొయ్యల చెరువులో ఉప్పదనం ఎందుకు పెరుగుతుందో తెలిసినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నిజానికి ఈ విద్యలో సగం మన డెల్టా వాళ్లకు వచ్చినదే. మనలో చాలామంది నాన్నలు, అన్నలు చెరువుల మీద పనిచేసినవారే. ఒక చుక్క నీరు వేసి వెలుతురు వైపు పెట్టి చూసే సెలైనిటీ మీటరు, అమ్మోనియా కిట్టు, ఏరేటరు వాళ్లకు కొత్త కాదు. తొట్టెలోనూ అదే సూత్రం. చేప మలమూత్రాలు, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్లమీద, ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపను వదలకూడదు. చెరువుకు, తొట్టెకు తేడా ఒక్కటే. చెరువులో తప్పు జరిగితే తెలియడానికి రోజులు పడుతుంది, తొట్టెలో గంటలు చాలు.

బెజవాడలో అసలు శత్రువు ఎండ. తొట్టె నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్లు నిలిచిందంటే ఎనిమోన్ తన ఒంట్లోని శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే, కుండలో నీరు చల్లబడినట్టే, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మే నెలకు అది చాలదు, చిల్లరు పెట్టక తప్పదు. చిల్లరు ఖరీదు తొట్టె ఖరీదును మించినా ఆశ్చర్యం లేదు. కరెంటు పోతే మరో గండం. వేడినీటిలో, ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. చేపపిల్లలను మోసుకెళ్లేవారు వాడే బ్యాటరీ గాలిపంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

ఇప్పుడు పువ్వు దగ్గరికి వద్దాం. సముద్రంలో ఎనిమోన్ లేకపోతే క్లౌన్ చేపను పెద్ద చేపలు మింగేస్తాయి. తొట్టెలో మింగేవాళ్లు లేరు. కాబట్టి అది లేకుండానే చేప ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది, గుడ్లు కూడా పెడుతుంది. ఎనిమోన్ అలా కాదు. దానికి బలమైన లైటు, నిలకడైన నీరు, కనీసం 200 లీటర్ల చోటు, ఆరునెలల నుంచి ఏడాది పాతబడ్డ తొట్టె కావాలి. నచ్చనిచోట ఉండదు, పాదంతో పాక్కుంటూ పోయి మోటారులో పడి తెగిపోతుంది. అందుకే మోటారు మూతికి స్పాంజి తొడగాలి. చచ్చి కుళ్లితే ఒక్క రాత్రిలో తొట్టెలోని చేపలన్నిటినీ తీసుకుపోగలదు. అంగట్లో మల్లెపువ్వులా తెల్లగా మెరిసేదాన్ని చూసి మోసపోవద్దు. అది అందం కాదు, ఆకలి. గోధుమరంగో, ఆకుపచ్చో ఉండి, నోరు గట్టిగా మూసుకుని, చేతులు జిగటగా ఉన్నదే ఆరోగ్యమైనది. కొత్తవారికి బబుల్ టిప్ రకం కొంత నయం. వారానికొకసారి చిన్న రొయ్యముక్క పెడితే సరిపోతుంది.

దీని ఆయుష్షు తెలిస్తే కొనే చెయ్యి కాస్త ఆగుతుంది. స్కాట్లండ్‌లో 1828లో సముద్రం నుంచి తెచ్చిన ఒక ఎనిమోన్ గాజుపాత్రలో 1887 దాకా బతికింది, దాన్ని అందరూ ‘గ్రానీ’ అని పిలిచేవారు. అది చల్లటి సముద్రపు రకం, క్లౌన్ చేపలుండే రకం కాదు. అయినా మన తొట్టెలో ఆరునెలలకే చచ్చేది ఎంతకాలం బతకవలసిన ప్రాణియో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ దగ్గర అక్వేరియంల కోసం ఏరుకున్నచోట్ల ఎనిమోన్లు, వాటితోపాటు క్లౌన్ చేపలు బాగా తగ్గిపోయాయని 2005లో ఒక పరిశోధన తేల్చింది. అలంకారానికని బతికున్న పగడాలను తెచ్చుకోవడం మన దేశంలో నేరం. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

చేపను మాత్రం సముద్రం నుంచి పట్టవలసిన పనిలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు మండపం, విళింజం కేంద్రాల్లో దీన్ని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచారు. కొనేటప్పుడు హేచరీ పిల్లేనా అని అడగండి. ఇందులో మన పాత విద్యార్థులకు పని కూడా కనిపిస్తోంది. గుడ్లను మగచేప రెక్కలతో విసురుతూ కాస్తుంది, వారం పదిరోజులకు చీకటిపడ్డాక పిల్లలు బయటికొస్తాయి. వాటికి మొదట రోటిఫర్లు, తర్వాత ఆర్టీమియా మేత. చీరాల, బాపట్ల తీరంలోని రొయ్యల హేచరీల్లో పనిచేసినవారికి ఆర్టీమియా పొదిగించడం చేతిలో పనే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్టుకు 3 లక్షల ఖర్చు లెక్కగట్టి ఎస్.సి., ఎస్.టి.లకు, మహిళలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ నిర్ణయించారు. పథకాల నిబంధనలు మారుతుంటాయి గనుక డబ్బు పెట్టకముందే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

తొట్టె మొదలుపెట్టడానికి దసరా తర్వాతి రోజులు మంచివి. నీరు కుదురుకునేసరికి చలికాలం వస్తుంది, సంక్రాంతికి చేపల జంటను వదలవచ్చు. ఎనిమోన్ సంగతి ఆ తొట్టె ఒక వేసవిని దాటాక ఆలోచించాలి.