వెక్టర్లకూ ఒక ప్లస్ గుర్తు

ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అనగానే మనలో చాలామంది నిర్వచనం బట్టీపట్టి, పరీక్షలో రాసి వదిలేస్తారు. కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారికి మాత్రం అది రోజూ వాడే పనిముట్టు. ఎందుకో చూద్దాం.

పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి వెక్టర్ అని ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నాం. మన తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో ఉన్న ఎం.ఎస్.టి. రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, పైగాలి వేగాన్ని తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ, నిలువు అని మూడు భాగాలుగా కొలుస్తుంది. గాలి ఒక్కటే, అంకెలు మూడు. ఆటలో బంతి కదలికా అంతే.

బంతి (10, 20) దగ్గర ఉంది, సెకనుకు (3, 4) వేగంతో పోతోంది అనుకోండి. 2 సెకన్ల తర్వాత అది (16, 28) దగ్గర ఉంటుంది. దీన్ని సి భాషలో రాస్తే ఎక్స్‌కు ఒక వరుస, వైకి ఒక వరుస, త్రీడీ ఆట అయితే జెడ్‌కు ఇంకో వరుస. పై వరుసను కాపీ చేసి కింద వేసి, ఒక్కచోట ఎక్స్‌ను వైగా మార్చడం మరిచిపోతే కంపైలర్ ఏమీ అనదు. బంతి మాత్రం ఎటో పోతుంది. అలాంటి తప్పును వెతకడానికి ఒక్కోసారి రాత్రంతా చాలదు!

బెల్ లేబొరేటరీస్‌లో బ్యార్నె స్ట్రూస్ట్రప్ 1979లో మొదలుపెట్టిన భాషకు 1983లో సి++ అని పేరు వచ్చింది. ఇందులో మనం తయారుచేసిన క్లాసుకు + అంటే ఏమిటో మనమే చెప్పవచ్చు. 'ఆపరేటర్' అనే మాట పక్కన + పెట్టి, ఎక్స్‌కు ఎక్స్‌ను, వైకి వైని కలిపే ఫంక్షన్ ఒక్కసారి రాస్తే చాలు. * కు కూడా అలాగే రాసుకుంటే, ఆ తర్వాత ప్రోగ్రాంలో ఫిజిక్స్ సూత్రం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది:

స్థానం = స్థానం + వేగం * కాలం

మనం రెండూ మూడూ కలుపుతాం, సంగటిలో పులుసు కలుపుతాం, విడిపోయిన అన్నదమ్ముల్ని కలుపుతాం. మాట ఒకటే, దేన్ని కలుపుతున్నామో చూసి అర్థం చేసుకుంటాం. కంపైలర్ కూడా గుర్తుకు అటూ ఇటూ ఉన్న టైపులను చూసి సరైన ఫంక్షన్‌ను పిలుస్తుంది.

ఒక చిన్న మెలిక ఉంది. * ను క్లాసు లోపల రాస్తే 'వేగం * 2' పనిచేస్తుంది గానీ '2 * వేగం' పనిచేయదు. ఎడమవైపు మన క్లాసు ఉండాలి మరి. రెండోదానికి క్లాసు బయట ఇంకో ఫంక్షన్ రాయాలి.

అసలు చిక్కు రెండు వెక్టర్ల మధ్య * పెట్టినప్పుడు వస్తుంది. అది డాట్ ప్రాడక్టా, క్రాస్ ప్రాడక్టా? గ్రాఫిక్స్‌కు వాడే జి.ఎల్.ఎస్.ఎల్. భాషలో ఆ రెండూ కాదు, భాగానికి భాగం గుణిస్తుంది. యూనిటీలో వెక్టర్3కి అసలు ఒప్పుకోదు, డాట్, క్రాస్ అని పేరు పెట్టి పిలవాల్సిందే. నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. 1995లో వచ్చిన జావా అయితే మన క్లాసులకు ఈ సౌకర్యమే ఇవ్వలేదు.

కొందరు క్రాస్ ప్రాడక్టుకు ^ గుర్తు వాడతారు. సి++లో గుర్తుల అర్థం మార్చగలం గానీ వాటి వరుస మార్చలేం. + తర్వాతే ^ వంతు. అందుకే 'ఎ ^ బి + సి' అని రాస్తే ముందు బి, సి కలిసిపోతాయి. బ్రాకెట్లు పెట్టకపోతే బంతి మళ్లీ ఎటో పోతుంది.