ఈ-పంట నమోదుకు అనువైన తెర రూపకల్పన

ఆంధ్రప్రదేశ్‌లో పంటల బీమా, పెట్టుబడి రాయితీ, మద్దతు ధర కొనుగోళ్లకు ఈ-పంట నమోదే ఆధారం. కావున నమోదు తెరలోని లోపం నేరుగా రైతుకు నష్టం కలిగిస్తుంది. సమాచారాన్ని పట్టికలుగా విభజించి, ఉమ్మడి విలువలతో అనుసంధానించే రిలేషనల్ నమూనాను 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించారు. తెర అమరిక కూడా ఆ పట్టికల సంబంధాన్నే అనుసరించాలి.

మదనపల్లె ప్రాంతంలో టమాట ఏడాదిలో పలు కాలాల్లో సాగవుతుంది. పుంగనూరు వైపు మెట్ట వేరుశనగలో కందిని అంతరపంటగా వేస్తారు. సర్వే నంబరుకు ఒకే పంట గడి ఉంటే రెండవ పంటకు చోటుండదు. అందువల్ల తెర పైభాగంలో భూమి వివరాలు, దిగువన పంటకొక వరుస చొప్పున విస్తీర్ణం, విత్తిన తేదీ ఉండాలి. కుప్పం మల్బరీ తోటల వంటి బహువార్షిక పంటను ఎంచుకోగానే, విత్తిన తేదీకి బదులు నాటిన సంవత్సరం గడి కనిపించాలి.

2022 ఏప్రిల్‌లో మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. జిల్లా పేరును ప్రతి నమోదులోనూ టైపు చేయిస్తే ప్రతి వరుసనూ సవరించవలసి వస్తుంది. మండలాన్ని జాబితా నుంచి ఎంపిక చేయించి, జిల్లాను మండల పట్టికకు ముడిపెడితే అక్కడ ఒక్క మార్పు సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, భూయజమానికీ సాగుదారుకూ వేర్వేరు గడులు ఉండాలి. పంట సాగుదారు హక్కుల చట్టం 2019లోనే వచ్చింది. సాగుదారుకు గడి లేని తెరలో కౌలురైతుకు రావలసిన పరిహారం యజమాని పేరిట నమోదవుతుంది.